రెండు దెబ్బల నడుమ చోటు: కావెంట్రీ నగరం, స్పెషల్స్ బృందం



మాస్టారి పేరిట జరిగే ఈ సభలో మాట్లాడమని ఆయన శిష్యులు అడగగానే నా చెవుల్లో చప్పట్ల చప్పుడు మోగింది. మాస్టారి అసలు పేరు రైల్వే వర్క్‌షాపు హాజరుపట్టీలో ఉండేది. లాలాగూడలో ఆయన దగ్గర గిటారు నేర్చుకున్న మా అందరికీ మాత్రం ఆయన మాస్టారే. ఈ సాయంత్రం కూడా అలాగే పిలుచుకుంటాను.

ఆయన షిఫ్టు దిగి వచ్చి, ముఖం కడుక్కుని, మేడమీద గదిలో చాప పరిచేవారు. ఆ చాప మీద తెలుగు, తమిళం, ఉర్దూ, మరాఠీ, ఆంగ్లో ఇండియన్ ఇళ్ల ఇంగ్లీషు అన్నీ వినపడేవి. మొదటి నెల గిటారు ముట్టుకోనిచ్చేవారు కారు. మమ్మల్ని రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించేవారు. ఒక వరస ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కొట్టాలి. ఎదుటి వరస సరిగ్గా ఆ దెబ్బల నడుమ కొట్టాలి. పది నిమిషాలు తప్పకుండా సాగితే ఆ రోజుకి పాఠం అయినట్టు. చాలాకాలం మాకు రెండు నిమిషాలు కూడా నిలవలేదు. ఎదుటివాడి దెబ్బకు లోబడిపోయి వాడితోపాటే కొట్టేసేవాళ్లం. లేదంటే వాడికంటే ముందు పడాలని పరుగెత్తేవాళ్లం. అప్పుడాయన ఆపి, "వాడు నీకు చోటు వదిలాడు, అందులో కొట్టు. నువ్వు వాడికి చోటు వదులు" అనేవారు. ఆయన మాకు చెప్పిన సంగీతశాస్త్రమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

ఒకరోజు పాఠమయ్యాక టేప్‌రికార్డరులో ఒక క్యాసెట్ పెట్టి, "గిటారు ఎక్కడ పడుతోందో చూడండి" అన్నారు. విన్నాం. మేం నెలరోజులుగా అరచేతులు ఎర్రబడేలా కొడుతున్న ఆ రెండో వరస దెబ్బే అది. ఆ పాట పాడింది ఇంగ్లండులోని కావెంట్రీ అనే ఊరి కుర్రాళ్లు. ఆ బృందం పేరు స్పెషల్స్. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కట్టిన ఆ బృందం కథే ఈ రోజు నా ప్రసంగ విషయం. మాస్టారి చాప మీద నేర్చుకున్నది ఒక నగరం ఎంత కష్టపడి నేర్చుకుందో, ఎక్కడ తప్పిందో ఆ కథలో ఉంది.

కార్ల ఊరు

కావెంట్రీ ఇంగ్లండు నడిబొడ్డున ఉన్న పారిశ్రామిక నగరం. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ విమానాలు దాని మీద గంటల తరబడి బాంబులు కురిపించాయి. శతాబ్దాల నాటి కెథడ్రల్ కాలిపోయింది, గోడలు మాత్రం మిగిలాయి. యుద్ధం ముగిశాక ఆ మొండిగోడల్ని అలాగే ఉంచి, వాటి పక్కనే కొత్త కెథడ్రల్ కట్టారు. 1962 మేలో దాన్ని ప్రతిష్ఠించారు. అదే ఏడాది ఆగస్టు 6న, అట్లాంటిక్ అవతల జమైకాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఈ రెండు సంగతులకూ ఒకదానితో ఒకటి పనిలేదు. అయినా మన కథలో ఆ రెండూ కలుస్తాయి.

యుద్ధం తరవాత కావెంట్రీ కార్ల ఊరైంది. జాగ్వార్, ట్రయంఫ్, రూట్స్ ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి. ఐర్లండు నుంచి, స్కాట్లండు నుంచి, వేల్స్ నుంచి వచ్చారు. కరీబియన్ దీవుల నుంచి వచ్చారు. పంజాబీలు యుద్ధానికి ముందే అక్కడ ఉన్నారు. బ్రిటన్‌లోని భారతీయ కార్మిక సంఘం 1930ల చివర పుట్టింది ఈ ఊళ్లోనే. పని దొరికినంతకాలం ఊరు అందరినీ ఇముడ్చుకుంది. కార్ల అమ్మకాలు పడిపోయి గేట్లు మూతపడటం మొదలయ్యాక, ఉద్యోగం పోయినవాడి కోపానికి పక్కవీధి మనిషి రంగు కనపడింది. 1980లో ట్రయంఫ్ కార్ల ఉత్పత్తి కావెంట్రీలోని కాన్లీ ఫ్యాక్టరీలో నిలిచిపోయింది. బడి వదిలిన పిల్లలకు ఆ గేటే భవిష్యత్తు. అది కళ్లముందే మూసుకుపోయింది.

1968లో అక్కడికి దగ్గర్లోనే ఉన్న బర్మింగ్‌హామ్‌లో ఈనాక్ పావెల్ అనే పార్లమెంటు సభ్యుడు వలసలకు వ్యతిరేకంగా చేసిన ప్రసంగం దేశాన్ని కుదిపేసింది. 1976లో అదే ఊళ్లో ఒక కచేరీ వేదిక మీద నుంచి ఎరిక్ క్లాప్టన్ పావెల్‌ను సమర్థిస్తూ మాట్లాడాడు. నల్లవాళ్ల బ్లూస్ నేర్చుకుని పేరు తెచ్చుకున్న గిటారిస్టు అలా మాట్లాడటం చాలామందిని గాయపరిచింది. 'జాత్యహంకారానికి వ్యతిరేకంగా రాక్' అనే ఉద్యమం ఆ గాయంలోంచి పుట్టింది. మన బృందం ఆ గాలిలోనే కళ్లు తెరిచింది.

ఊటీలో పుట్టిన కుర్రాడు

బృందాన్ని కట్టినవాడు జెర్రీ డామర్స్. పుట్టింది 1955లో, తమిళనాడులోని ఊటీలో. తండ్రి క్రైస్తవ మతాధికారి. కుటుంబం తిరిగి ఇంగ్లండు వెళ్లాక తండ్రి కావెంట్రీలోని కొత్త కెథడ్రల్‌లో పనిచేశారు. కొడుక్కి చర్చి సంగీతం కంటే కీబోర్డు మీద దరువు నచ్చింది. చిత్రకళ చదవడానికి లాంచెస్టర్ పాలిటెక్నిక్‌లో చేరి, అక్కడ హోరస్ పాంటర్ అనే మరో విద్యార్థిని కలిశాడు. ఆ పాంటరే బృందానికి బేస్ గిటారు. ఆ పాలిటెక్నిక్కే 1992లో కావెంట్రీ యూనివర్సిటీ అయింది. ఈ సభలో కూర్చున్నవాళ్లలో కొందరి ఇళ్ల నుంచి పిల్లలు ఆ యూనివర్సిటీకి వెళ్లారు. ఫీజు కట్టేటప్పుడు మనం చదివే ఆ పేరు వెనక ఈ చరిత్ర ఉంది.

1977లో బృందం మొదలైంది. లింవల్ గోల్డింగ్ గిటారు పట్టాడు. జమైకాలో పుట్టి, చిన్నప్పుడే ఇంగ్లండు వచ్చినవాడు. నెవిల్ స్టేపుల్ కూడా అంతే. మొదట బృందం సామాను మోసే పనిలో చేరి, ఒకరోజు మైకు అందుకుని గాయకుడైపోయాడు. రాడీ బయర్స్ పంక్ గిటారిస్టు. టెర్రీ హాల్ తపాలా బిళ్లలు, నాణేల దుకాణంలో పనిచేసిన కావెంట్రీ కుర్రాడు. డ్రమ్స్ మీద జాన్ బ్రాడ్‌బరీ. మొత్తం ఏడుగురు.

మొదట్లో వీళ్ల పాటలో అతుకు కనపడేది. ఒక చరణం పంక్ రాక్ వేగంతో దూసుకుపోయేది, తరవాతి చరణం జమైకా రెగే నడకలోకి దిగేది. పంక్‌కు గెంతేవాళ్లు రెగే రాగానే ఆగిపోయేవాళ్లు, రెగే వినడానికి వచ్చినవాళ్లు పంక్‌కు పక్కకు తప్పుకునేవాళ్లు. ఒకే వేదిక మీద ఇద్దరూ ఉన్నా పాటలో ఇద్దరికీ ఒకే చోటు దొరకలేదు. 1978లో క్లాష్ అనే పెద్ద పంక్ బృందంతో ఊరూరా తిరిగినప్పుడు బ్రాక్‌నెల్‌లో కచేరీ కొట్లాటగా మారింది. ఈ కుర్రాళ్లను కలిపి ఆడించే సంగీతం ఒకటి కావాలని డామర్స్‌కు అక్కడ గట్టిగా తోచింది. ఆ వెతుకులాట ఆయన్ని ఇరవై ఏళ్లు వెనక్కి, జమైకాకు తీసుకెళ్లింది.

స్కా అనే నడక

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1950లలో ఇళ్లలో రేడియోలు తక్కువ. వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డులు వేసేవాళ్లు. వాటిని సౌండ్ సిస్టమ్ అనేవాళ్లు. అమెరికా నుంచి వచ్చిన రిథమ్ అండ్ బ్లూస్ పాటలకు జనం ఆడేవాళ్లు. అలాంటి పాటలు కొత్తవి రావడం తగ్గాక అక్కడి వాద్యకారులు తామే కట్టుకున్నారు. కట్టేటప్పుడు తమ ఊరి దరువు అందులో చేరింది. అలా పుట్టిన నడకే స్కా. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది ఆ దీవి ఉత్సాహమంతా అందులో వినపడింది. తరవాత అదే నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, ఇంకా నెమ్మదించి రెగే అయింది.

స్కా అంటే ఏమిటో చెప్పడం కంటే చేయించడం తేలిక. కుడివైపు కూర్చున్నవాళ్లు దయచేసి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నిదానంగా కొట్టండి. ఎడమవైపువాళ్లు ఆ దెబ్బల నడుమ కొట్టండి. బావుంది. ఇప్పుడు కుడివైపు బేస్ గిటారు, డ్రమ్స్ అనుకోండి. ఎడమవైపు గిటారు, ఆర్గాన్. గిటారు తీగను ఇలా గీకి, వెంటనే అరచేత్తో మూసేస్తారు. శబ్దం పుట్టిందో లేదో ఆగిపోవాలి. మోగుతూ ఉండిపోతే పక్కదెబ్బ చోటు తినేస్తుంది. మన కచేరీల్లో పాటను తాళం దెబ్బ మీద కాక కొంచెం జరిపి ఎత్తుకుంటే ఎంత కొత్త ఊపు వస్తుందో ఇక్కడున్న సంగీతం వాళ్లకు తెలుసు. స్కాలో ఆ ఊపు పాట పొడుగునా ఉంటుంది. కోలాటం ఆడినవాళ్లకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. నా కోల నేను కొట్టి ఊరుకుంటే ఆట లేదు. అవతలి కోల వచ్చే చోటికి నా కోల వెళ్లాలి, దెబ్బ పడగానే తప్పుకోవాలి.

స్పెషల్స్‌కు కావలసిన చోటు అక్కడ దొరికింది. స్కా వేగంలో పంక్ కుర్రాడి గెంతుకు వీలుంది, దరువులో జమైకా ఇంటి పిల్లవాడి నడుముకు వీలుంది. అతుకు పోయింది. రాడీ గిటారు ముందుకు దూకుతుంటే లింవల్ గిటారు నడుమ దెబ్బల్ని కాపాడేది. టెర్రీ హాల్ ముఖంలో నవ్వు లేకుండా, గొంతు ఎత్తకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టుగా పాడేవాడు. పక్క నుంచి నెవిల్ ఊపుగా మాట అందించేవాడు, కేక వేసేవాడు, జనాన్ని లేపేవాడు. మనకు ఈ పద్ధతి కొత్తది కాదు. బుర్రకథలో కథకుడు కథ నడుపుతుంటే పక్క వంతలు అందుకోవడం చూసినవాళ్లం. రాజకీయ వంత కాలానికి తగిన మాట అంటాడు, హాస్య వంత సభను నవ్విస్తాడు. నాజర్ గారి దళం ఆ మూడు గొంతులతోనే 1940లలో ప్రజల కష్టాన్ని ఊరూరా వినిపించింది. హాల్, నెవిల్ జోడీని మొదటిసారి విన్నప్పుడు నాకు తట్టింది అదే.

ఇంకొకరి గురించి తప్పక చెప్పాలి. రీకో రోడ్రిగ్జ్. క్యూబాలో పుట్టి, కింగ్‌స్టన్‌లో కేథలిక్ సన్యాసినులు నడిపిన ఆల్ఫా బాలుర పాఠశాలలో ట్రాంబోన్ నేర్చుకున్నవాడు. బీదపిల్లల కోసం పెట్టిన ఆ బడి నుంచే జమైకా గొప్ప వాద్యకారులు ఎందరో వచ్చారు. రీకో 1961లో ఇంగ్లండు వచ్చాడు. 1967లో డాండీ లివింగ్‌స్టన్ పాడిన 'ఎ మెసేజ్ టు యూ, రూడీ' రికార్డులో ట్రాంబోన్ ఆయనదే. పన్నెండేళ్ల తరవాత స్పెషల్స్ అదే పాటను మళ్లీ కట్టుకున్నప్పుడు ఎవరినో పిలిచి ఆ బాణీని అనుకరించమనలేదు. వెతుక్కుని రీకోనే పిలిచారు. ఆయన వచ్చి అదే పాటకు మళ్లీ ఊదారు. ఆ రెండు రికార్డులూ ఒకదాని తరవాత ఒకటి వినండి. అప్పు తీసుకున్నవాళ్లు అప్పు ఇచ్చినవాణ్ణి ఇంటికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్న మర్యాద అందులో వినపడుతుంది. సంగీతంలో ఎవరి సొమ్ము ఎవరిదన్న తగాదా వచ్చినప్పుడల్లా నాకు ఆ ట్రాంబోన్ గుర్తొస్తుంది.

నలుపు తెలుపు గళ్లు

1979లో డామర్స్ సొంతంగా 2 టోన్ అనే రికార్డుల సంస్థ పెట్టాడు. ఎర్ల్స్‌డన్ పేటలో ఆల్బనీ రోడ్డు మీద ఆయన ఉన్న ఇల్లే దానికి ఆఫీసు. మొదటి పాట 'గ్యాంగ్‌స్టర్స్'. దానికి మూలం జమైకా గాయకుడు ప్రిన్స్ బస్టర్ 'అల్ కపోన్'. రికార్డుకు రెండో వైపు వేయడానికి తమదంటూ పాట లేకపోతే, కావెంట్రీలోనే ఉన్న నోయెల్ డేవిస్ దగ్గరున్న వాద్యసంగీతాన్ని వేశారు. దానికి పెట్టిన పేరు 'ది సెలెక్టర్'. ఆ పేరు మీదే తరవాత మరో బృందం పుట్టింది. మొదటి ప్రతులకు అట్ట అచ్చు వేయించే వీలు లేక తెల్ల కవర్ల మీద రబ్బరు స్టాంపులు కొట్టారు. ఆ పాట బ్రిటన్ జాబితాలో ఆరో స్థానానికి ఎక్కింది.

సంస్థ గుర్తు నలుపు తెలుపు గళ్లు, నల్ల సూటు వేసుకుని నిలబడ్డ ఒక మనిషి. జమైకా గాయకుడు పీటర్ టోష్ పాత ఫోటో చూసి గీసిన బొమ్మ అది. దేశమంతా బడిపిల్లలు పుస్తకాల అట్టల మీద ఆ గళ్లు గీసుకున్నారు. 1979 నవంబరులో ఒకేరోజు 'టాప్ ఆఫ్ ది పాప్స్' టీవీ కార్యక్రమంలో స్పెషల్స్, సెలెక్టర్, మ్యాడ్‌నెస్ మూడు బృందాలూ కనపడ్డాయి. సెలెక్టర్‌లో ముందు నిలబడి పాడిన పాలీన్ బ్లాక్ అంతకుముందు ఆస్పత్రిలో ఎక్స్‌రే విభాగంలో పనిచేసింది. వందల ఇళ్లలో నల్లపిల్లలు ఆ రోజు టీవీలో తమలాంటి మనిషిని చూసుకున్నారు. 1980 మొదట్లో కచేరీల నుంచి నేరుగా రికార్డు చేసిన 'టూ మచ్ టూ యంగ్' మొదటి స్థానానికి వెళ్లింది. ఆ రికార్డులో రెండో వైపున్న పాటలు కావెంట్రీలోని టిఫనీస్ అనే డ్యాన్సు హాలులో పట్టినవి. ఆ హాలు పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇంత పేరు వచ్చినా సభల్లో కొట్లాటలు ఆగలేదు. నల్లవాళ్ల పాటకు ఆడుతూనే హిట్లర్ సలాం కొట్టిన కుర్రాళ్లు ఉన్నారు. కొట్లాట మొదలైతే బృందం పాట ఆపేసేది. స్టేజీ దిగి మధ్యలోకి వెళ్లేది. 1980లో కేంబ్రిడ్జిలో కొట్లాట ఆపడానికి దిగిన డామర్స్‌ను, హాల్‌ను పోలీసులు పట్టుకుంటే కోర్టు చెరో 400 పౌండ్లు జరిమానా వేసింది. అదే ఏడాది లింవల్‌ను లండన్‌లో జాత్యహంకారులు చావబాదారు. ఆయన దానికి పాటతో జవాబు చెప్పాడు. ఆ పాట పేరు 'వై?'. ఎందుకు అని అడగడమే దాని పల్లవి. కోపం తెచ్చుకునే హక్కు పూర్తిగా ఉన్నవాడు అంత నెమ్మదిగా అడిగిన ఆ ప్రశ్న ముందు నేనిప్పటికీ తల వంచుతాను.

దయ్యాల ఊరు

1981 కావెంట్రీకి చెడ్డ ఏడాది. ఏప్రిల్‌లో నగరం నడిమధ్య, పట్టపగలు, ఇరవై ఏళ్ల పంజాబీ విద్యార్థి ఒకణ్ణి పొడిచి చంపారు. అదే ఏడాది ఆసియా సంతతి డాక్టరు ఒకాయన కూడా అలాంటి దాడికే బలయ్యాడు. జూన్ 20న స్పెషల్స్ ఊళ్లోని బట్స్ మైదానంలో జాత్యహంకారానికి వ్యతిరేకంగా కచేరీ చేశారు. అదేరోజు నేషనల్ ఫ్రంట్ అనే వలసల వ్యతిరేక పార్టీ ఊరేగింపు కూడా ఊళ్లో ఉంది. భయం వల్ల అనుకున్నంత జనం రాలేదు. వచ్చినవాళ్లు చివరిదాకా నిలబడ్డారు.

'ఘోస్ట్ టౌన్' పాట వచ్చింది ఆ నెలలోనే. ఆ పాట ఆలోచనకు కావెంట్రీతోపాటు డామర్స్ గ్లాస్గోలో చూసిన ఒక దృశ్యం కూడా మూలం. ముసలమ్మలు వీధిలో తమ ఇంట్లోని కప్పులూ సాసర్లూ పెట్టుకుని అమ్ముకుంటున్నారు. ఇంతకంటే చెప్పడానికేముంది? ఇల్లు వీధిలోకి వచ్చింది. ఆ దృశ్యం ఆయన మనసులో పడి బాణీ అయింది. లెమింగ్టన్ స్పా అనే పక్క ఊళ్లో ఒక చిన్న స్టూడియోలో, ఎనిమిది ట్రాకుల యంత్రం మీద, జాన్ కాలిన్స్ అనే నిర్మాతతో దాన్ని రికార్డు చేశారు.

ఆ పాట ఎలా నడుస్తుందో కొంచెం చెబుతాను. మొదట ఖాళీ వీధిలో గాలి వీచినట్టు ఒక శబ్దం. తరవాత ఆర్గాన్ మీద చెవికి కుదురుగా కూర్చోని స్వరాలు. ఏ మెట్టు మీద కాలు పెట్టినా జారుతున్నట్టు ఉంటుంది. నడుమ దెబ్బ పడుతూనే ఉంటుంది, కానీ పాత స్కా ఉత్సాహం అందులో లేదు. ఎవరూ లేని ఇంట్లో గడియారం కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. మధ్యలో ఒక్కసారి బాణీ వెలుగులోకి తిరిగి, ఈ ఊరికీ మంచిరోజులు ఉండేవని గుర్తుచేసి, మళ్లీ చీకట్లోకి దిగుతుంది. గొంతులు మాట మానేసి ఊళ అందుకుంటాయి. చివర రీకో ట్రాంబోన్. కింగ్‌స్టన్ బీదపిల్లల బడిలో నేర్చిన ఆ ఊపిరి ఇంగ్లండు ఊరి శోకాన్ని తన శోకంగా ఎత్తుకుంది.

జులైలో ఆ పాట మొదటి స్థానంలో మూడు వారాలు నిలిచింది. అంతకుముందు ఏప్రిల్‌లో లండన్ బ్రిక్స్‌టన్ భగ్గుమంది. జులైలో లివర్‌పూల్ టాక్స్‌టెత్, బర్మింగ్‌హామ్ హ్యాండ్స్‌వర్త్, ఇంకా ఎన్నో ఊళ్లు తగలబడ్డాయి. దేశంలో ఊళ్లు కాలుతున్న రోజుల్లో రేడియోలో మొదటి స్థానంలో వినపడిన పాట అది. పాట జోస్యం చెప్పిందని కొందరు అంటారు. వాళ్లు కళ్లతో చూసింది చూసినట్టు చెప్పారు. చూడవలసినవాళ్లు చూడలేదు.

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి చెప్పాలి. ఆ పాట రికార్డవుతున్నప్పుడే బృందం విరిగిపోయి ఉంది. రిహార్సల్సులో మాటామాటా పెరిగింది. ప్రతి స్వరం తాను అనుకున్నట్టే పడాలని డామర్స్ పట్టు. తమ పాటలకు చోటు లేదని మిగతావాళ్ల నొప్పి. ఎడతెగని ప్రయాణాల అలసట. దేశం మొత్తానికి కలిసి బతకడం ఎలాగో వేదిక మీద చూపించినవాళ్లు, వేదిక వెనక ఒకరి దెబ్బకు ఒకరు చోటు వదలలేకపోయారు. మొదటి స్థానంలో ఉన్న పాటను టీవీలో పాడి దిగాక హాల్, నెవిల్, లింవల్ బృందం వదిలేస్తున్నామన్నారు. ముగ్గురూ ఫన్ బాయ్ త్రీ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు.

ఇది రంగు తెచ్చిన చీలిక కాదు. విడిపోయిన ముగ్గురిలో ఇద్దరు నల్లవాళ్లు, ఒకరు తెల్లవాడు. వాళ్లు తమలోని తేడాలతో కొట్టుకోలేదు, పని పద్ధతి మీద తెగిపోయారు. కలిసుండడం మనసులో మంచితనం ఉంటే దానంతటదే జరిగిపోతుందని మనం అనుకుంటాం. నాకు ఈ బృందం నేర్పింది వేరు. కలిసుండడం సాధన. రోజూ చెయ్యాలి. నిన్న కుదిరిందని ఈ రోజు మానేస్తే చెయ్యి మొద్దుబారుతుంది. మాస్టారి శిష్యులం అయిదుగురం కట్టుకున్న బ్యాండు కూడా అలాగే విరిగింది. ఎవరి సోలో ఎంతసేపన్న తగాదాతో, వేర్వేరు మతాలవాళ్లం, వేర్వేరు భాషలవాళ్లం, ప్రాణస్నేహితులం, ఒక్క సాయంత్రంలో విడిపోయాం. మాస్టారు ఎవరినీ తప్పు పట్టలేదు. మర్నాడు అందరినీ పిలిచి, మళ్లీ చప్పట్ల దగ్గర కూర్చోబెట్టారు. ముగ్గురమే వచ్చాం.

పాట చేసిన ప్రయాణం

డామర్స్ మిగిలినవాళ్లతో, కొత్తవాళ్లతో స్పెషల్ ఎకెఎ పేరున సాగాడు. 1983లో లండన్‌లో నెల్సన్ మండేలా అరవై అయిదో పుట్టినరోజు కచేరీకి వెళ్లి, ఆ మనిషి గురించి అక్కడ తెలుసుకున్నాడు. 1984లో 'నెల్సన్ మండేలా' పాట వచ్చింది. జైల్లో ఉన్న మనిషి గురించిన పాట ఏడుపుగా ఉంటుందనుకుంటాం. ఆయన దాన్ని పండగ పాటలా, ఆఫ్రికా గాలి వీచేలా కట్టాడు. జనం ఆడారు. ఆడుతూ ఆ పేరు నేర్చుకున్నారు. అది బ్రిటన్‌లో తొమ్మిదో స్థానానికి చేరింది, దక్షిణాఫ్రికా సభల్లో నోటినోటా పాకింది. 1990 ఫిబ్రవరి 11న మండేలా బయటికి నడిచి వచ్చారు. ఒక పాట జైలు తలుపు తీసిందని నేననను. తలుపు తీయించినవాళ్లు అక్కడి ప్రజలు. అయితే తలుపు మీద దెబ్బలు పడుతున్నప్పుడు, నడుమ ఖాళీల్లో ఈ కావెంట్రీ దెబ్బ కూడా పడింది. 2014లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం డామర్స్‌కు ఒ.ఆర్. టాంబో పురస్కారం ఇచ్చి ఆ సంగతిని గుర్తించింది.

బృందంలో ఎక్కువమంది 2008 తరవాత మళ్లీ కలిశారు. డామర్స్ లేడు. ఆ ఖాళీ చివరివరకూ ఖాళీగానే ఉండిపోయింది. 2017లో బర్మింగ్‌హామ్‌లో ఒక ముస్లిం వ్యతిరేక ప్రదర్శనలో సఫియా ఖాన్ అనే అమ్మాయి ఒక ప్రదర్శనకారుడి ముందు జేబుల్లో చేతులు పెట్టుకుని చిరునవ్వుతో నిలబడిన ఫోటో లోకమంతా తిరిగింది. ఆమె చొక్కా మీద ఉన్న పేరు స్పెషల్స్. రెండేళ్లకు వచ్చిన 'ఎన్‌కోర్' ఆల్బంలో బృందం ఆమెను పిలిచి ఒక పాటలో గొంతు కలిపించింది. నలభై ఏళ్ల జీవితంలో ఆల్బంల జాబితాలో వాళ్లకు దక్కిన తొలి మొదటి స్థానం అదే. రీకో, బ్రాడ్‌బరీ ఇద్దరూ 2015లో వెళ్లిపోయారు. టెర్రీ హాల్ 2022 డిసెంబరులో కన్నుమూశాడు.

హాలు, గది

మా అక్క కొడుకు కావెంట్రీ యూనివర్సిటీలో చదువుతున్నప్పుడు నేను ఆ ఊరు వెళ్లాను. అందరూ కెథడ్రల్ చూడమన్నారు. చూశాను. ఆ తరవాత నేను అడిగి వెళ్లింది నగర గ్రంథాలయానికి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న టిఫనీస్ హాలు అదే. అంతకుముందు దాని పేరు లొకార్నో. వారాంతం వచ్చిందంటే ఊరి కుర్రకారంతా అక్కడే ఉండేది. 1981లో అది మూతపడింది. మూతపడ్డ క్లబ్బుల గురించి చెప్పిన 'ఘోస్ట్ టౌన్' పాట వచ్చిన ఏడాదే. 1980లలో దాన్ని గ్రంథాలయంగా మార్చారు.

లోపలికి వెళ్లి చాలాసేపు కూర్చున్నాను. ఒకవైపు తలపాగా కట్టుకున్న పెద్దాయన పేపరు చదువుతున్నారు. ఒకావిడ పిల్లవాడికి బొమ్మల పుస్తకంలో అక్షరం చూపిస్తోంది. ఇద్దరు విద్యార్థులు ఒకే పుస్తకం మీద వంగి గుసగుసలాడుతున్నారు. ఒకప్పుడు అదే నేల మీద వందలమంది చెమటలు కక్కుతూ గెంతారు, కొట్టుకున్నారు, చేతులు పట్టుకున్నారు. ఇప్పుడు ఎవరి పేజీ వాళ్లు తిప్పుకుంటూ, పక్కవాడి మౌనాన్ని చెడగొట్టకుండా కూర్చున్నారు. ఆ ఊరు సాధన మానలేదనిపించింది.

మొన్న ఆదివారం మాస్టారి గదికి వెళ్లాను. ఆయన శిష్యులు ఇప్పటికీ అక్కడ పాఠం చెబుతున్నారు. చాప మారింది, పద్ధతి మారలేదు. పిల్లలు రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. నాలుగో నిమిషంలో ఒక పాప నడుమ దెబ్బ తప్పి, చేతులు గాల్లో ఆపేసి బిక్కమొహం వేసింది. ఎదురుగా కూర్చున్న పిల్లవాడు నవ్వలేదు, వేగం పెంచలేదు, ఆగలేదు. ఆమె కళ్లలోకి చూస్తూ తన నాలుగు దెబ్బలూ అలాగే కొడుతూ, ఆమె చోటు ఆమెకు ఖాళీగా ఉంచాడు. రెండు ఆవర్తాలు గడిచాయి. మూడో ఆవర్తంలో ఆ పాప ఊపిరి పీల్చుకుని ఆ ఖాళీలో తన దెబ్బ వేసింది.